శనివారపు మాత్ర



లూకా సువార్త 17వ అధ్యాయములో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైరి. వారిలో ఒక్కడే తిరిగి వచ్చి యేసు పాదములయొద్ద సాగిలపడెను. ఈ భాగమును మేము ఎన్నోసార్లు చదివితిమి గాని, మేమును ఆ తొమ్మండుగురిలోని వారమేయని ఎన్నడును తలంచలేదు.

రెండేండ్ల క్రిందట మా పాపకు రక్తక్యాన్సరు అని తేలెను. ఎల్లారెడ్డిపేటనుండి సిరిసిల్లకు, అక్కడనుండి హైదరాబాదుకు పరుగెత్తితిమి. మేము సాంచెలమీదను బీడీలమీదను బ్రదుకువారము. వెన్నులో సూదులు, రక్తము ఎక్కించుట, నోరు పూసి అన్నము దిగకుండుట, చిన్న జ్వరమునకే మరల బస్సెక్కుట, ఇవన్నియు మీరెరిగినవే. రక్తమిచ్చిన యౌవనస్థులకును, మా చిన్నవానిని తమ పిల్లలతోపాటు సాకిన తల్లులకును మా వందనములు చెప్పుకొంటిమి. ఇప్పుడు పాపకు ఇంటివద్దనే మందులు సాగుచున్నవి. వాటిలో మెథోట్రెక్సేటు అను పసుపుపచ్చని చిన్న మాత్రలు వారమునకు ఒక్కనాడే, శనివారము రాత్రి, వేయుదుము. పొరబాటున దినదినము వేసినచో ప్రాణమునకే ముప్పు. గనుక క్యాలెండరుమీద గీత గీసి మరీ వేయుదుము. ఈ మందు వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడని వార్డులో డాక్టరమ్మగారు చెప్పువరకు మాకు తెలియదు. ఆయన మన సంఘమువాడు కాడు. అయినను ఆయన చరిత్ర మన పత్రికలో చెప్పుకొనుట మాకు న్యాయముగా తోచినది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరములో పుట్టిరి. చిన్ననాడు చదువు అబ్బలేదు. పదుమూడేండ్ల వయస్సున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచిపోగా, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించిరి. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కిరి. సన్న్యాసులలో చేరుదునన్నను ఆ తల్లి ఒప్పుకొనలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు ఖద్దరు ధరించినందుకు దొర ప్రొఫెసరుకు కోపము వచ్చెను, ఆయనకు ఎం.బి.బి.ఎస్. దక్కక, అంతకు తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కెను.

ఆ దినములలోనే ఆ యింట పెద్ద దుఃఖము కలిగెను. తిన్న అన్నము ఒంటబట్టనీయక మనిషిని ఎండగట్టు స్ప్రూ అను వ్యాధితో ఆయన సోదరులిద్దరు కొద్ది దినముల ఎడములో మరణించిరి. ఆసుపత్రి నడవాలో ఏమియు చేయలేక నిలుచుట ఎట్టిదో మాకు తెలియును గనుక, ఈ సంగతి చదివినప్పుడు పుస్తకము కొంతసేపు మూసివేసితిమి.

1922 అక్టోబరులో ఆయన మామగారి సహాయముతో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు ఎత్తు పని. పాప ప్రక్కన ఉన్న నెలలలో మేమును ఆ పాత్రలు ఎత్తితిమి. హార్వర్డులో ఫిస్కె అను ఆచార్యునితో కూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో కనుగొనిరి. తరువాత కండరములకు శక్తినిచ్చు పదార్థములను కనిపెట్టిరి. అయినను అక్కడ స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థకు వెళ్లి పరిశోధనకు పెద్ద అయిరి.

అక్కడ ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు మేలు చేసెను. సోదరులు పోయి రెండు దశాబ్దములు దాటినది. గర్భిణులకు మన ఆరోగ్యకేంద్రములో ఇచ్చు ఇనుము మాత్రలలో ఉండునదియు ఈ ఫోలిక్ ఆమ్లమే. జగిత్యాల, కోరుట్ల వైపు ఇంటింటికి పంచిన బోదకాలు మాత్రలును ఆయన బృందము తయారుచేసినవే.

పాప మందు సంగతి చిత్రమైనది. శరీరములో కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. రక్తక్యాన్సరు కణములకు అది మరీ ఎక్కువగా కావలెను. అందుచేత చూపునకు ఫోలిక్ ఆమ్లమువలెనే ఉండి, లోనికి పోయి పని చెడగొట్టు పదార్థమును వారు తయారుచేసిరి. తాళములో ఇరుకుకొని ఇక తిరుగని మారు చెవివంటిది. దాని పేరు అమినాప్టెరిన్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను డాక్టరుగారు 1947 చివరను దానిని పిల్లలకిచ్చి చూచిరి. 1948 జూనులో ఫలితము ప్రకటించిరి: పదునారుగురిలో పదిమందికి నెమ్మది కలిగెను. అది కొద్ది నెలల నెమ్మదియే. రోగము మరల తిరిగివచ్చెను. ఆ పిల్లల తలిదండ్రులను మేము తరచుగా తలంచుకొందుము. వారి బిడ్డలమీద నేర్చుకొన్నదే మా బిడ్డకు అక్కరకు వచ్చినది. అదే వంశములోని మెథోట్రెక్సేటును ఇతర మందులతో కలిపి ఇచ్చుట తరువాతివారు నేర్చిరి. నేడు మంచి వైద్యము అందిన చోట్ల ఈ రోగము వచ్చిన పిల్లలలో ఎక్కువమంది బ్రదుకుచున్నారు.

సుబ్బారావుగారు దానిని చూడలేదు. ఆ జూను గడిచి రెండు నెలలకే, ఆగస్టులో, యేబదిమూడేండ్ల వయస్సున నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. స్వదేశమునకు ఒక్కసారియైనను తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడనే ఉండిపోయిరి. ఇది మాకు మింగుడుపడని సంగతి. గొప్పవారి చరిత్రయని దాచి చెప్పుట మాకిష్టము లేదు. ఆయన ఓడయెక్కిన తరువాత పుట్టిన కుమారుడు పసితనములోనే పోయెను. తండ్రి ఆ బిడ్డను ఎత్తుకొనలేదు, ముఖమైనను చూడలేదు.

శనివారము రాత్రి మాత్రలు లెక్కించునప్పుడు ఆ పసివాడు మాకు జ్ఞాపకము వచ్చుచుండును. మా కుటుంబ ప్రార్థనలో దేవునికి స్తుతి చెప్పి, ఆ తండ్రి పేరును ఇప్పుడు పలుకుచున్నాము. పాపకు ఆ పేరు నోరు తిరుగదు. యల్లప్ప తాత అనును. మేము దిద్దుట మానివేసితిమి. ఈ యేడు పాప మూడవ తరగతికి పోవుచున్నది. శనివారపు మాత్రలు ఇంకను ఎనిమిది నెలలు వేయవలసి యున్నవి.