మూడొందల మీటర్ల ముందే తేల్చేశాడు!

లాస్‌ఏంజెలిస్‌లో ఏడో స్థానం... బెర్లిన్‌లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం
ఓటమిని పాఠంగా చదువుకున్న జాక్ లవ్‌లాక్

పరుగు పందెం అనగానే కాళ్లలో సత్తువ ఉన్నవాడిదే గెలుపు అనుకుంటాం. వంద మీటర్ల పరుగులో ఆ మాట చాలావరకు నిజమే. 1500 మీటర్లకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అక్కడ అందరికంటే వేగంగా పరుగెత్తగలిగినవాడు కూడా బోల్తా పడొచ్చు. ఎప్పుడు ఓపిక పట్టాలో, ఎప్పుడు దూకాలో తెలిసినవాడు పతకం తన్నుకుపోతాడు. ఈ సంగతిని 1932 ఒలింపిక్స్‌లో ఓడి తెలుసుకుని, నాలుగేళ్ల తర్వాత గెలిచి లోకానికి చూపించినవాడు న్యూజిలాండ్ కుర్రాడు జాక్ లవ్‌లాక్.

గని ఊరి నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు

లవ్‌లాక్ 1910 జనవరి 5న న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని క్రషింగ్టన్‌లో పుట్టాడు. రీఫ్టన్ పట్టణం దగ్గర బంగారు గనులను నమ్ముకుని బతికిన చిన్న ఊరది. తల్లిదండ్రులు ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. జాక్ బడి పిల్లాడిగా ఉండగానే తండ్రి చనిపోయాడు. టిమరు బాలుర హైస్కూల్లో చదువుకున్నాడు. చదువులో దిట్ట, ఆటల్లోనూ ముందే. తర్వాత ఒటాగో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. అక్కడ ఉండగానే రోడ్స్ స్కాలర్‌షిప్ రావడంతో 1931లో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లి, ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు.

చూడ్డానికి పెద్ద వస్తాదేం కాదు. సన్నటి మనిషి, రింగుల జుట్టు. కానీ అడుగు పడుతుంటే నేల మీద ఆనుతోందా లేదా అన్నట్టు తేలిగ్గా ఉండేది. దానికి తోడు ఇంకో అలవాటు ఉంది. ఎంత సాధన చేశాడో, ఏ పందెంలో ఏం జరిగిందో, ఒంట్లో ఎలా అనిపించిందో అన్నీ పుస్తకంలో రాసి పెట్టుకునేవాడు. డాక్టరు రోగి వివరాలు రాసుకున్నట్టుగా తన శరీరం గురించి తానే రాసుకున్నాడన్నమాట. 1932లో మైలు దూరాన్ని 4 నిమిషాల 12 సెకన్లలో పరుగెత్తి బ్రిటిష్ సామ్రాజ్య రికార్డు సాధించాడు. ఆ ఊపులోనే అమెరికాలోని లాస్‌ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు.

ఎక్కడ దెబ్బతిన్నాడు?

1932 ఫైనల్లో అమెరికా ఆటగాడు గ్లెన్ కనింగ్‌హామ్, కెనడా ఆటగాడు ఫిల్ ఎడ్వర్డ్స్ మధ్యలోనే గుంపును వదిలేసి ముందుకు దూసుకుపోయారు. వెనక ఉన్నవాళ్లకు పెద్ద చిక్కొచ్చింది. వెంటపడితే చివర్లో ఊపిరి అందదేమోనని భయం. వదిలేస్తే పతకం చేజారుతుందని ఇంకో భయం. ఇటలీకి చెందిన లుయిజీ బెకాలి తొందరపడలేదు. ముందున్నవాళ్లు అలసిపోయే దాకా ఆగి, చివర్లో ఒక్కొక్కర్నీ దాటేసి 3 నిమిషాల 51.2 సెకన్లలో గెలిచాడు. బ్రిటన్‌కు చెందిన జెర్రీ కోర్న్స్ రెండో స్థానంలో వచ్చాడు. ముందే పరుగు తీసిన ఎడ్వర్డ్స్‌కు కాంస్యం దక్కితే, కనింగ్‌హామ్ నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. లవ్‌లాక్ ఏడోవాడు. బెకాలి కంటే ఆరు సెకన్లకు పైగా వెనక.

ఇలాంటి పందెంలో ముందు పరుగెత్తేవాడికి రెండు కష్టాలుంటాయి. ఎదురుగాలి మొత్తం అతడే మోయాలి. పైగా వెనక ఎవరు ఏం చేయబోతున్నారో కనపడదు. వెనక ఉన్నవాడికి గాలి బాధ తక్కువ, ముందున్నవాళ్లంతా కళ్లెదుటే. కానీ లోపలి అంచున నలుగురి మధ్య ఇరుక్కున్నాడో, దూకాల్సిన సమయానికి దారి దొరకదు. రికార్డు కోసం పరుగెత్తేటప్పుడు గడియారంతో పోటీ. ఒలింపిక్ ఫైనల్లో మాత్రం మనుషులతో పోటీ. ఎంత సమయంలో గెలిచారని ఎవరూ అడగరు, ఎవరు ముందొచ్చారన్నదే లెక్క. అందుకే రికార్డులు ఉన్న మొనగాళ్లు కూడా పెద్ద పోటీల్లో తరచూ తడబడతారు.

నాలుగేళ్ల లెక్క

మరుసటి ఏడాదే లవ్‌లాక్ తన సత్తా చూపించాడు. 1933 జులై 15న అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మైలును 4 నిమిషాల 7.6 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు. స్థానిక వీరుడు బిల్ బాంత్రన్ అతడి వెనకే వచ్చి రెండో స్థానంతో తృప్తి పడ్డాడు. అంతా బాగుందనుకుంటే, ఆ సెప్టెంబర్‌లో ఇటలీలోని టురిన్‌లో ప్రపంచ విద్యార్థుల క్రీడల్లో మళ్లీ అదే బెకాలి దెబ్బ కొట్టాడు. 1500 మీటర్లలో ప్రపంచ రికార్డును సమం చేసి మరీ గెలిచాడు. లవ్‌లాక్ రెండో స్థానం.

1934లో లండన్ సామ్రాజ్య క్రీడల్లో మైలు స్వర్ణం అతడిదే. 1935లో ప్రిన్స్‌టన్‌లో కనింగ్‌హామ్, బాంత్రన్ ఇద్దర్నీ కలిపి ఓడించాడు. ఇంతలో ఇంగ్లండ్‌లో ఇంకో ముల్లు మొలిచింది. కళ్లద్దాలు పెట్టుకుని పరుగెత్తే బక్కపలచని సిడ్నీ వుడర్సన్ 1935లోనూ, 1936లోనూ ఇంగ్లండ్ జాతీయ పోటీల్లో లవ్‌లాక్‌ను వెనక్కి నెట్టాడు. అప్పటికే లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో వైద్యవిద్య పూర్తిచేసే పనిలో ఉన్నాడు లవ్‌లాక్. ఒలింపిక్స్‌కు నెల కూడా లేదు. ఇలాంటప్పుడు ఓడితే ఎవరికైనా గుండె జారుతుంది. ఇక ఇతడి పని అయిపోయిందన్న అనుమానం చూసేవాళ్లకు రావడమూ సహజమే. లవ్‌లాక్ మాత్రం తన లెక్క మార్చుకోలేదు. అన్ని పందేలూ గెలవాలన్నది అతడి కోరిక కాదు. ఒక్క రోజు, ఒక్క పందెం... దానికే ఒంటిని సిద్ధం చేసుకుంటూ వచ్చాడు.

బెర్లిన్‌లో ఆ ఒక్క నిమిషం

1936 ఆగస్టు 6న బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో 1500 మీటర్ల ఫైనల్. వుడర్సన్ మడమ గాయంతో హీట్స్‌లోనే వెనుదిరిగాడు. అయినా బరి బలంగానే ఉంది. గత విజేత బెకాలి, వెండి పతకం గెలిచిన కోర్న్స్, కాంస్యం గెలిచిన ఎడ్వర్డ్స్ ముగ్గురూ మళ్లీ వచ్చారు. అందరికంటే గట్టి పోటీ కనింగ్‌హామ్. చిన్నప్పుడు బడిలో జరిగిన అగ్నిప్రమాదంలో కాళ్లు కాలిపోయి, నడవడమే కష్టమనుకున్న స్థితి నుంచి ప్రపంచ మేటిగా ఎదిగిన మొండి మనిషి అతడు.

లవ్‌లాక్ ఎలా పరుగెత్తుతాడో అందరికీ తెలుసు. ముందున్నవాడిని నీడలా అంటిపెట్టుకుని ఉంటాడు. చివరి మలుపు దాటాక, గీత కనపడే దూరంలో ఒక్కసారి దూకుతాడు. ప్రత్యర్థులంతా ఆ దూకుడు కోసమే కాచుకుని ఉన్నారు. అతడి అసలు ఎత్తు అక్కడే ఉంది. వాళ్లు ఎదురుచూసే చోట దూకకూడదని ముందే నిర్ణయించుకున్నాడు.

పందెంలో ఎక్కువసేపు కనింగ్‌హామ్ ముందు నడిచాడు. చివరి ల్యాప్ దగ్గరపడేసరికి స్వీడన్ ఆటగాడు ఎరిక్ నీ ముందుకు వచ్చాడు. నల్ల బనియన్‌లో ఉన్న లవ్‌లాక్ లోపల ఇరుక్కోకుండా, పక్కగా దారి ఉంచుకుని వాళ్లతోనే సాగాడు. ఇంకా 300 మీటర్లు ఉందనగా ఒక్కసారిగా వేగం పెంచాడు. ఎవరూ ఊహించని చోటు అది. అంత దూరం నుంచి పూర్తి వేగంతో పరుగెత్తితే చివర్లో కూలబడటమే అని అప్పటి నమ్మకం. నీ పక్కన ఉన్న కనింగ్‌హామ్ తేరుకుని వెంటపడేసరికి నాలుగైదు మీటర్ల దూరం ఏర్పడిపోయింది. ఆ దూరాన్ని పూడ్చడానికి కనింగ్‌హామ్ ప్రాణం పెట్టి పరుగెత్తినా కుదరలేదు. చివర్లో లవ్‌లాక్ వెనక్కి ఓ చూపు చూసి, తేలిగ్గా గీత దాటేశాడు.

3 నిమిషాల 47.8 సెకన్లు. కొత్త ప్రపంచ రికార్డు. కనింగ్‌హామ్ 3 నిమిషాల 48.4 సెకన్లలో రెండోవాడు. ఆ సమయం కూడా పాత ప్రపంచ రికార్డు కంటే మెరుగే. బెకాలి మూడో స్థానంలో నిలిచాడు. మొదటి ఐదుగురూ పాత ఒలింపిక్ రికార్డును దాటేశారంటే పోటీ ఎంత గట్టిగా సాగిందో అర్థమవుతుంది. ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో న్యూజిలాండ్‌కు అదే తొలి స్వర్ణం. ఆ రికార్డు 1941 దాకా చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కనింగ్‌హామ్ ఆ రోజు తప్పు చేయలేదు. తన జీవితంలోనే మంచి పరుగుల్లో ఒకటి పరుగెత్తాడు. అయినా ఓడాడు. నాలుగేళ్ల కిందట లవ్‌లాక్‌కు జరిగింది వేరు. అప్పుడు పందెం ఎటు పోతే అటు కొట్టుకుపోయాడు. ఈసారి పందేన్ని తన దారికి తెచ్చుకున్నాడు.

గెలుపు తర్వాత

ఆ అక్టోబర్‌లో ప్రిన్స్‌టన్‌లో ఆర్చీ శాన్ రొమానీ చేతిలో ఓడాక పెద్ద పోటీలకు స్వస్తి చెప్పాడు. అప్పటికి వయసు 26 ఏళ్లే. డాక్టరయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సైనిక వైద్య విభాగంలో పనిచేశాడు. 1940లో గుర్రం మీద నుంచి పడటంతో తలకు గట్టి దెబ్బ తగిలింది. చూపు దెబ్బతింది. అప్పటి నుంచి కళ్లు తిరగడం అతడిని వదల్లేదు. 1945లో అమెరికా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. కుటుంబంతో న్యూయార్క్ చేరి, అక్కడి ఆస్పత్రిలో ఉద్యోగంలో కుదురుకున్నాడు.

1949 డిసెంబర్ 28న ఒంట్లో బాగోలేదు, త్వరగా వచ్చేస్తున్నానని భార్యకు ఫోన్ చేసి ఆస్పత్రి నుంచి బయల్దేరాడు. బ్రూక్లిన్‌లోని చర్చ్ అవెన్యూ స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద నుంచి పట్టాలపై పడిపోయాడు. వస్తున్న రైలు కింద పడి ప్రాణాలు పోయాయి. ఇంకో ఎనిమిది రోజులు ఉంటే 40 ఏళ్లు నిండేవి. స్టేడియంలో అంగుళం తడబడకుండా లెక్క కట్టి అడుగేసిన మనిషి, కళ్లు తిరిగి అలా పోవడం అభిమానులను కలచివేసింది.

పుట్టింది ఒక దేశంలో, పేరు తెచ్చుకుంది ఇంకో దేశంలో, కన్నుమూసింది మరో దేశంలో. కానీ పరుగెత్తింది మాత్రం పుట్టిన నేల పేరు మీదే. బెర్లిన్‌లో స్వర్ణం గెలిచినవాళ్లకు పతకంతో పాటు ఒక ఓక్ మొక్క కూడా ఇచ్చారు. లవ్‌లాక్‌కు వచ్చిన మొక్కను అతడు చదువుకున్న టిమరు హైస్కూల్ ఆవరణలో నాటారు. ఆ మొక్క ఎదిగి పెద్ద మానైంది. బడి పిల్లలకు ఏటా నీడనిస్తోంది.