ఆండ్రూ వాట్సన్

ఫుట్‌బాలు ఆటలో గోలు కొట్టినవాని పేరు ఊరంతయు చెప్పుకొనును. గోలు పడకుండ వెనుక నిలిచి కాచిన బ్యాకు పేరు పలువు రెరుగరు. అట్టి స్థానమున నాడి, జాతీయజట్టునకు నాయకుడై, పిమ్మట చిరకాలము మరవబడిన యొక క్రీడాకారుని జీవితమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆండ్రూ వాట్సన్ 1856వ సంవత్సరము మే నెల 24వ తేదీన దక్షిణ అమెరికాలోని బ్రిటిషు గయానాకు ముఖ్యపట్టణమగు జార్జిటౌనులో జన్మించెను. తండ్రి పీటర్ మిల్లర్ వాట్సన్ స్కాట్లండు వంశీయుడు; చెరకుతోటల మూలమున ధనము గడించినవాడు. తల్లి హన్నా రోజ్ ఆ సీమలోని నల్లజాతి స్త్రీ. అచ్చట బానిసలకు పూర్తి విముక్తి కలిగినది 1838లో. అటుపిమ్మట తోటపనికై మన చెన్నపట్టణపు రేవునుండి తెలుగు, తమిళ కూలీలను గూడ ఓడలపై అచ్చటికి కొనిపోయిరి. కనుక ఆ చెరకుతోటల కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

తండ్రి యా బాలుని బ్రిటనునకు తోడ్కొనిపోయి చదివించెను. ఆండ్రూ మొదట హాలిఫాక్సులోను, తరువాత లండనులోని కింగ్స్ కాలేజి పాఠశాలలోను విద్య నభ్యసించెను. 1869లో తండ్రి గతించి, కొంత ఆస్తి యాతనికి సంక్రమించెను. 1875లో గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరి గణితమును, భౌతికశాస్త్రమును, ఇంజనీరింగును చదువ నారంభించెను గాని, ఒక యేడాదిలోనే ఆ చదువు మానెను.

ఆ నగరముననే ఆయన పార్క్‌గ్రోవ్ అను జట్టులో నాడుచు, దాని కార్యదర్శిగా కూడ పనిచేసెను. 1880లో స్కాట్లండునందు మేటి యగు క్వీన్స్ పార్క్ జట్టు ఆయనను చేర్చుకొనెను. ఆ జట్టువారు జీతమునకై యాడువారు కారు. ఆ దినములలో గోలుకాపరి యెదుట ఇద్దరే బ్యాకు లుండెడివారు. ముందువరుసలో ఆరుగురు నిలిచెడివారు. కావున బ్యాకు ఒక్కమారు తప్పినచో గోలు పడినట్లే.

1881 మార్చి 12వ తేదీన లండనులోని ఓవల్ మైదానమున స్కాట్లండు ఇంగ్లండుతో తలపడెను. వాట్సన్ తన దేశము పక్షమున నాడిన తొలి యాట యదియే; ఆనాడే ఆయన జట్టునకు నాయకుడయ్యెను. నల్లజాతి రక్తము గలవాడు ఒక దేశపు ఫుట్‌బాలు జట్టులో నాడుట యదియే ప్రథమము. స్కాట్లండు 6 గోలులు కొట్టి, ఒక్కటి మాత్రమే ఇచ్చెను. ఇంగ్లండు స్వదేశమున నంతటి తేడాతో ఓడిన యాట నేటికిని మరియొకటి లేదు. రెండు దినముల పిమ్మట వేల్సుపై 5-1, మరుసటి యేడు గ్లాస్గోలో ఇంగ్లండుపై 5-1 గెలుపు కలిగెను. ఆయన యాడిన మూడు పందెములలో ప్రతిపక్షులకు దక్కినవి మొత్తము మూడే గోలులు. క్వీన్స్ పార్క్‌తో 1881, 1882, 1886 సంవత్సరములలో స్కాటిష్ కప్పును సయితము గెలిచెను.

1882లో ఆయన లండనునకు తరలెను. స్కాట్లండున నివసించువారినే జాతీయజట్టునకు ఎన్నుకొనుట యప్పటి ఆచారము. కావున దేశము పక్షమున నాడు నవకాశ మంతటితో ముగిసెను. ఆ యేడే భార్య జెస్సీ మరణించుటచే ఇద్దరు బిడ్డలు తల్లిలేనివారైరి. అయినను ఆయన ఆట మానలేదు. లండనులో స్విఫ్ట్స్ జట్టునను, పేరుగాంచిన కొరింథియన్స్ జట్టునను బ్యాకుగా నాడెను. పిమ్మట లివర్‌పూలులో పరీక్షల నిచ్చి ఓడల ఇంజనీరై సముద్రయానములు చేసెను. యువకుడుగా నడుమ విడిచిన యంత్రవిద్యయే తుదకు ఆయనకు జీవనాధార మయ్యెను.

1921 మార్చి 8వ తేదీన లండను సమీపమున క్యూ గ్రామములో న్యుమోనియా వ్యాధిచే పరమపదించెను. రిచ్‌మండ్ శ్మశానవాటికలో సమాధి చేసిరి. కాలక్రమమున ఆ సమాధియు శిథిలమై, ఇటీవలనే బాగుచేయబడినది. ఆయన వెనుక నల్లజాతి మూలము గల మరియొకడు స్కాట్లండు పక్షమున నాడుటకు 2004 వరకు వేచియుండవలసి వచ్చెను.

విద్యార్థులారా! 1881లో ఆ జట్టు ఆయన తల్లి యెవరని చూడక, ఆట చూచి నాయకత్వ మిచ్చెను. మన పాఠశాల మైదానమున జట్టు నెన్నుకొనునపుడు మనము చూడవలసినదియు అదియే. ఫలానావానిది ఏ పల్లె, ఏ కులము అని చూచి యొక మంచి బ్యాకును గట్టుమీద కూర్చుండబెట్టినచో, నష్టము వానికి మాత్రమే కాదు, మన గోలునకు కూడను.