సీసా మీద పేరున్న డాక్టరు: హాన్స్ క్రిస్టియన్ హేగడార్న్

నవంబర్ 14 అనగానే పిల్లలకు బాలల దినోత్సవం గుర్తొస్తుంది. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా. ఇన్సులిన్‌ను కనిపెట్టినవారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. బాంటింగ్ పేరు చాలామంది వినే ఉంటారు. ఇప్పుడు చెప్పబోయేది ఆయన గురించి కాదు, మీ ఇంటి ఫ్రిజ్‌లోనే పేరు దాచుకున్న ఇంకొక డాక్టరు గురించి.

తాతగారికో అమ్మమ్మగారికో ఇన్సులిన్ వేసే ఇల్లయితే ఆ మందు పెట్టె ఒకసారి చూడండి (పిల్లలూ, పెద్దవాళ్ళ ఎదురుగానే సుమా). ఐసోఫేన్ అనో, ఎన్‌పీహెచ్ అనో కనబడవచ్చు. 30/70 అని ఉంటే అందులో 70 పాళ్ళు ఆ మందే. ఎన్‌పీహెచ్‌లో చివరి హెచ్, హేగడార్న్ అనే ఇంటిపేరులోని మొదటి అక్షరం.

హాన్స్ క్రిస్టియన్ హేగడార్న్ 1888 మార్చి 6న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. తరంగంబాడికి విహారయాత్ర వెళ్ళినవాళ్ళు సముద్రపు ఒడ్డున డేన్ల కోట చూసే ఉంటారు, ఆ డేన్ల దేశమే ఇది. వైద్యం చదివాక ఆయన పెద్ద ఊళ్ళో ఉండలేదు. బ్రాండె అనే చిన్న ఊరికి వెళ్ళి ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ మందుల షాపులో పనిచేసే నార్మన్ యెన్సెన్‌తో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి కొద్ది చుక్కల రక్తంతోనే చక్కెర ఎంతుందో కొలిచే పద్ధతి తయారుచేసి 1918లో ప్రకటించారు. ఇవాళ వేలి మీద సూదితో గుచ్చి అర నిమిషంలో అంకె చూసే మనకు ఇది చిన్న సంగతిలా ఉంటుంది. కానీ కొలత లేకుండా ఇన్సులిన్ వేయడమంటే చీకట్లో మెట్లు దిగడమే. ఇన్సులిన్ రాకముందే ఆయన చేతిలో దీపం ఉందన్నమాట.

1922లో ఇన్సులిన్ వచ్చింది, కెనడాలోని టొరంటోలో. ఆ ఏడాదే డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ ఉపన్యాసాల కోసం అమెరికా వెళ్ళాడు. అప్పటికే నోబెల్ బహుమతి అందుకున్న మనిషి. వెంట భార్య మేరీ ఉంది. ఆమె స్వయంగా డాక్టరు, ఆమెకే షుగర్. ఆమెకు వైద్యం చేస్తున్నది మన హేగడార్నే. టొరంటో దాకా వెళ్ళి రావాలని పట్టుబట్టింది మేరీ. క్రోగ్ వెళ్ళాడు, ఇన్సులిన్ తయారు చేసుకునేందుకు అనుమతి తెచ్చాడు. డిసెంబర్‌లో తిరిగి రాగానే క్రోగ్, హేగడార్న్ కలిసి జంతువుల క్లోమాల నుంచి మందు తీయడం మొదలుపెట్టారు. 1923 మార్చి కల్లా డెన్మార్క్ రోగులకు అది అందింది. ఆ పని మీదే నార్డిస్క్ ఇన్సులిన్ ప్రయోగశాల పుట్టింది.

అయితే ప్రాణం నిలబెట్టే ఆ మందుకు ఒక చిక్కు ఉంది. వేసిన కొద్దిసేపటికే పనిచేసి, ఆరేడు గంటల్లో అయిపోయేది. రోజుకు మూడు నాలుగు సూదులు తప్పేవి కావు. చిన్నపిల్లల సంగతి ఆలోచించండి. రాత్రి సూది వేయకపోతే తెల్లారేసరికి చక్కెర కొండెక్కి కూర్చునేది. వేయాలంటే నిద్రపోతున్న బిడ్డను లేపాల్సి వచ్చేది. అప్పటి సూదులు లావువి. గాజు సిరంజిని ప్రతిసారీ నీళ్ళలో మరిగించాలి.

హేగడార్న్‌కు ఈ సమస్యే పట్టుకుంది. మందును ఇంకా బలంగా చేయాలని ఆయన చూడలేదు, నెమ్మదిగా కరిగేలా చేయాలనుకున్నాడు. చర్మం కింద చిన్న నిల్వలా ఉండి కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగితే రాత్రంతా కాపలా ఉంటుంది కదా! ఇన్సులిన్‌ను పట్టుకుని ఉంచే పదార్థం కోసం వెతికి వెతికి చివరికి ప్రొటమిన్ అనే మాంసకృత్తు దగ్గర ఆగాడు. అది దొరికింది మగ ట్రౌట్ చేపల బీజకణాల్లో. చేప ఎక్కడ, చక్కెర వ్యాధి ఎక్కడ! 1936లో ఆయన బృందం ఈ ఫలితాలు ప్రకటించింది. అదే ఏడాది టొరంటోలో దానికి కాస్త జింకు చేర్చి ఒక రోజుకు మించి పనిచేసేలా చేశారు. అది మరీ ఎక్కువసేపు ఉండి కొందరికి రాత్రిపూట చక్కెర పడిపోయేది. 1946లో నార్డిస్క్‌లోనే పాళ్ళు సరిగ్గా కుదిర్చారు. దాని పేరే న్యూట్రల్ ప్రొటమిన్ హేగడార్న్. అదే మన ఎన్‌పీహెచ్.

ఈ కథ తెలిస్తే మీ ఇంట్లో డాక్టరుగారు పెట్టే నియమాలు వాటంతటవే అర్థమవుతాయి. ఆ మందు నీళ్ళలా ఉండదు, పాలలా తెల్లగా ఉంటుంది, కదపకుండా ఉంచితే అడుగున పేరుకుంటుంది. అందుకే వేసేముందు రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. గట్టిగా ఊపకూడదు. కలపకుండా వేస్తే ఒకరోజు తక్కువ, ఇంకోరోజు ఎక్కువ పడుతుంది. గడ్డలు కట్టినా, సీసా గోడకు అంటుకున్నా వాడకండి. వేసిన 4 నుంచి 10 గంటల మధ్య దాని జోరు ఎక్కువ, అందుకని పూట తప్పకుండా తినాలి. ఒకేచోట రోజూ గుచ్చితే అక్కడ కొవ్వు గట్టిపడి మందు సరిగా ఎక్కదు, చోటు మార్చాలి.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూతది. 100 మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీతల దాకా లాగితే లోపలికి వెళ్ళేది 10 కాదు, 25 యూనిట్లు. షాపులో తీసుకునేటప్పుడే సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

చెన్నై ఎండలు మీకు చెప్పక్కర్లేదు. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజర్‌లో మాత్రం కాదు. గడ్డకట్టిన మందు ఇక పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇళ్ళలో మట్టికుండలో కుండ పెట్టి, మధ్య తడి ఇసుక పోసి అందులో ఉంచుకోవచ్చు.

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు జ్వరమొచ్చి అన్నం తినలేదని, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్‌ను ఇంట్లోవాళ్ళే ఆపేయకూడదు. అన్నం తినకపోయినా ఒంటికి అది కావాలి. ఎంత వేయాలో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. మరోవైపు చెమటలు, వణుకు, ఒక్కసారిగా ఆకలి, తికమక మాటలు వస్తే చక్కెర పడిపోతున్నట్టు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, పావుగంట తర్వాత మళ్ళీ కొలవండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

మళ్ళీ హేగడార్న్ దగ్గరికి వద్దాం. మంచివాడే గాని మెత్తనివాడు కాదు. తన ప్రయోగశాలలో పనిచేసిన థోర్వాల్డ్ పెడర్సన్‌తో పడక 1924లో బయటికి పంపేశాడు. అతని అన్న హరాల్డ్ కూడా వెళ్ళిపోయాడు. ఆ అన్నదమ్ములు పెట్టిందే నోవో. రెండు సంస్థలూ అరవై ఏళ్ళకు పైగా పోటీపడి చివరికి 1989లో ఒకటయ్యాయి. అప్పటికి హేగడార్న్ లేడు. కానీ ఆయన 1932లో తెరిచిన స్టెనో ఆసుపత్రి మధుమేహ రోగులకు పెద్ద ఆసరా అయింది. మన ఊళ్ళో స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ 1948లో మధుమేహ విభాగం మొదలుపెట్టి, 1954లో రాయపురంలో దానికోసమే ఆసుపత్రి కట్టారు.

చివరి సంవత్సరాల్లో హేగడార్న్‌కు పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. 1971 అక్టోబర్ 6న కన్నుమూశాడు. 2000 నుంచి గ్లార్జిన్ లాంటి కొత్త ఇన్సులిన్లు వచ్చాయి. రోజుకు ఒక్కసారి వేస్తే దాదాపు 24 గంటలు పనిచేస్తాయి. అవి నీళ్ళలా తేటగా ఉంటాయి, దొర్లించే పనే లేదు, కానీ గ్లార్జిన్‌ను వేరే ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు. తేటగా ఉండే త్వరగా పనిచేసే రకాలూ ఉన్నాయి కాబట్టి రంగు చూసి కాక, పేరు చదివి వేయండి.