సామర్లకోట వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్సుబర్గు

వేసవి తొలిదినములలో మన్యపు త్రోవను బోవువారికి మోదుగచెట్టును వేఱుగ జూప నక్కఱలేదు. ఆకులు రాలిన వట్టి కొమ్మలమీద చిలుకముక్కులవంటి ఎఱ్ఱని పువ్వులు గుత్తులుగ విరియుటచే అడవికి నిప్పంటుకొన్నదో యని తోచును. కాని యా పువ్వులు రాలిన పిదప, వర్షకాలమున, అదే చెట్టును బోల్చుకొనవలెనన్న ఆకును నమ్ముకొనవలెను. ఒక్కొక్క కాడకు మూడేసి వెడల్పయిన దళములు. మన యిండ్లలో విస్తళ్లు కుట్టుట కుపయోగించునవి యవియే. అంతమాత్రమున పొరపాటు తప్పదు. తీగమోదుగకును మూడేసి దళములే, పువ్వును నట్టిదే. అయితే అది చెట్టు గాక, ఇతర వృక్షముల నల్లుకొని పోవు లావైన తీగ; దాని దళములు మఱింత పెద్దవి. ఈ రెంటిని తెలుగు పేర్లతోడనే రంగుల పటములు వేయించి తన గ్రంథమున వర్ణించిన మహనీయుడు మన సామర్లకోటలో బహుకాలము నివసించెను. ఆయన చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

విలియం రాక్సుబర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యము చదువుచు జాన్ హోప్ అను నాచార్యునియొద్ద వృక్షశాస్త్రము నభ్యసించెను. ఆ దినములలో మందులు చాల భాగము మొక్కలనుండియే వచ్చుచుండెను గనుక వైద్యుడు మొక్కల నెఱుగక తప్పదు. పువ్వులోని కేసరముల నెంచి మొక్కలను తరగతులుగ విభజించు పద్ధతిని స్వీడను దేశపు లినేయసు పండితుడు కల్పింపగా, దానిని బ్రిటనులో ముందుగ బోధించిన వారిలో హోప్ ఒకడు.

మోదుగపువ్వునే విప్పి చూచినచో నీ పద్ధతి బోధపడును. పైకి లేచిన పెద్దఱేకు ఒకటి, ప్రక్కల రెండు, క్రింద ముక్కువలె వంగిన జంట యొకటి. ఆ ముక్కులోపల పది కేసరములు దాగియుండును. అందు తొమ్మిది మొదట నొక్కటిగ నతుకుకొనియుండగా పదియవది మాత్రము విడిగ నిలుచును. మేము బాలురతో గూడి యొకపరి గుండుసూదితో నీ పరీక్ష చేసితిమి. లెక్క సరిపోయినది గాని, అంతకుముందు మూడు పువ్వులు చిదికిపోయెను.

రాక్సుబర్గు 1776వ సంవత్సరమున చెన్నపట్టణమందు ఈస్టిండియా కంపెనీవారి కొలువులో వైద్యుడుగ జేరి, 1781వ సంవత్సరమున సామర్లకోటకు వచ్చెను. అచ్చట నొక తోట వేసి మిరియము, కాఫీ, దాలుచిని మొదలగువానిని బెంచి చూచెను. సైనికులకు వైద్యము చేయుట ఉద్యోగము. మొక్కలు వెదకుట వ్యసనము. ఆయనకు ముందే లినేయసు శిష్యుడగు కోనిగ్ పండితుడు 1768వ సంవత్సరమున తరంగంబాడి మిషనుకు వైద్యుడుగ వచ్చి, ఈ తీరమున మొక్కలు సేకరించుచుండెను. ఆయన 1785వ సంవత్సరమున కాకినాడచెంత జగన్నాథపురమున వ్యాధిగ్రస్తుడై మరణించినపుడు రాక్సుబర్గే దగ్గఱనుండి పరిచర్య చేసెను.

రెండేండ్లు గడవకముందే, 1787వ సంవత్సరము మే నెలలో, కోరంగి ప్రాంతమున గొప్ప తుపాను వచ్చి సముద్రము పొంగెను. ఆ వఱదలో రాక్సుబర్గు ఎండబెట్టి దాచిన మొక్కలు, వ్రాసికొనిన కాగితములు, పుస్తకములు అన్నియు నాశనమయ్యెను. అనేక సంవత్సరముల శ్రమ నీటిపాలయ్యెను. మఱియొకడైనచో జీతము పుచ్చుకొని వైద్యముతో తృప్తినొంది యుండును. ఈయన మఱల మొదటి ఆకునుండి ఆరంభించెను. ఈ మాఱు మన దేశపు చిత్రకారులను నియమించి, ఎదుట పచ్చి కొమ్మ నుంచి, ఆకును పువ్వును కాయను గింజను ఉన్నవి యున్నట్లు వ్రాయించెను. ఆ చిత్రకారుల పేర్లు గ్రంథమునకు ముఖపత్రమున లేకపోవుట మాకు వెలితిగనే తోచుచున్నది. అట్టి పటములనుండి ఎన్నిక చేసిన మున్నూఱింటితో కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగ లండనులో వెలువడెను.

అందు మనకు ప్రియమైనది సోమిద. చలిజ్వరములకు దీని బెరడు పనిచేయునని రాక్సుబర్గు తలంచి ఎడింబరోకు బంపగా అచ్చటి వైద్యులు పరీక్షించిరి. దూరదేశపు సింకోనాబెరడుకు బదులుగ నిది నిలువలేదు గాని, తెలుగు పేరు మాత్రము నిలిచినది. తరువాతి శాస్త్రజ్ఞులు ఈ వృక్షజాతికి సోమిద శబ్దమునుండియే శాస్త్రీయనామ మేర్పఱచిరి.

ఇచ్చటనే యాయన పొరపాటొకటి చెప్పవలసియున్నది. సోమిదను, బిల్లుడును ఆయన మహాగనితో ఒకే జాతిలో జేర్చెను. బిల్లుడు కాయయు ఎండి పగిలి ఱెక్కలుగల గింజలను వెదజల్లునదే. కాని బిల్లుడాకును వెలుతురున కెదురుగ బట్టి చూడుడు. నిమ్మాకునందువలె కాంతిని పోనిచ్చు సన్నని చుక్కలు కనబడును. అవి తైలపు తిత్తులు. బిల్లుడు నిజముగ నిమ్మకుటుంబమునకు జెందినదని పిమ్మట నిశ్చయింపబడెను. కాయ తప్పుద్రోవ బట్టించినచోట ఆకు నిజము చెప్పినదన్నమాట.

1789 మొదలు 1792 వఱకు ఉత్తర సర్కారులలో ఘోరమైన కఱవు వచ్చెను. దానిని కన్నులార జూచిన రాక్సుబర్గు, వానలు తప్పినను తినుటకేదైన నిచ్చు కొబ్బరి, సగ్గుబియ్యపుచెట్టు మున్నగువానిని విరివిగ నాటింపవలెనని కంపెనీవారికి వ్రాసెను.

1793వ సంవత్సరమున ఆయనను కలకత్తా చెంతనున్న శిబ్‌పూరు తోటకు అధికారిగ బిలిచిరి. ఇరువదియేండ్లు అచ్చట పనిచేయుచుండగా శ్రీరామపురపు మిషనరీ విలియం కేరీ ఆయనకు స్నేహితుడయ్యెను. కేరీ దొరగారికిని తోటయన్న ప్రాణము. కుంభివృక్షపు జాతికి రాక్సుబర్గు తన మిత్రుని పేరే పెట్టెను. దాని పెద్ద ఆకులు రాలుటకు ముందు ఎఱ్ఱబాఱును. లెక్కలేనన్ని కేసరములుగల పువ్వులు రాత్రి విరిసి తెల్లవాఱుసరికి నేలరాలును.

ఆరోగ్యము చెడి 1813వ సంవత్సరమున భారతదేశమును విడిచి, 1815వ సంవత్సరమున ఎడింబరోలో రాక్సుబర్గు కాలధర్మము నొందెను. ఆయన వ్రాసియుంచిన భారతదేశపు మొక్కల మహాగ్రంథము అప్పటికి అచ్చుకాలేదు. మిత్రుని శ్రమ రెండవమాఱు నశింపకుండ కేరీ దొరగారు దానిని శ్రీరామపురపు ముద్రాశాలలో అచ్చువేయింప బూనెను. 1820, 1824 సంవత్సరములలో కొంతభాగమును, 1832వ సంవత్సరమున మూడు సంపుటములును వెలువడెను. అందు ఇంగ్లీషు అక్షరములలో వ్రాయబడిన తెలుగు పేర్లు కంటికి వింతగ నుండును గాని, పైకి చదివినచో మన ముసలమ్మలు పిలుచు పేర్లే వినబడును.