నొప్పి తెలిసిన ఉదయం

1914లో కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు సర్జన్‌గా వచ్చారు. ఆ రోజుల్లో కుష్ఠు వ్యాధిగ్రస్తులను చేర్చుకునే ఆసుపత్రులే అరుదు. వారి పాదాల పుండ్లు మానవని వైద్యులే వదిలేసేవారు. బ్రాండ్ ఆ పాదాలను చేతుల్లోకి తీసుకున్నారు. రోగం చంపుతున్నది నరాలను. నొప్పి తెలియక పుండు మీదే నడవడం వల్ల పాదం పాడవుతోందని గ్రహించారు. కట్టు కట్టి పాదానికి విశ్రాంతినిస్తే పుండు మానింది! మరి ఇంటికెళ్లి మళ్లీ వట్టికాళ్లతో నడిస్తే? అందుకే మెత్తని రబ్బరు చెప్పులు తయారు చేయించారు. సర్జన్‌కు చెప్పుల పనేమిటనిపిస్తుంది గానీ, ఆయన కత్తి కన్నా ఎక్కువ కాళ్లను కాపాడింది బహుశా అవే.

ఒకసారి ఇంగ్లండులో సుదీర్ఘ రైలు ప్రయాణం తరువాత మేజోళ్లు విప్పుతుంటే మడమకు స్పర్శ లేదు. సూదితో గుచ్చుకున్నా తెలియలేదు. తనకూ కుష్ఠు సోకిందనుకుని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి మళ్లీ గుచ్చుకుంటే భరించలేని నొప్పి! కాలు తిమ్మిరెక్కింది, అంతే. ఆ నొప్పి కోసం దేవునికి స్తోత్రం చెల్లించారు.

1966లో అమెరికా వెళ్లి, కార్‌విల్ ఆసుపత్రిలో అదే పని కొనసాగించారు. 2003లో ప్రభువునందు నిద్రించారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఈనాడు మన డాక్టర్లు రాస్తున్న ఎంసీఆర్ చెప్పులకు మూలం వేలూరులో జరిగిన ఆ పనిలోనే ఉంది.