కౌబాయ్ టోపీ ఎనక ఆరుద్ర

‘మోసగాళ్లకు మోసగాడు’ పేరు ఇన్నరు గదా. 1971 ఆగస్టు 27న వచ్చింది. కృష్ణ టోపీ పెట్టి, గుర్రమెక్కి, తుపాకి పట్టిన సిన్మా. చిన్నగున్నప్పుడు మా రాజోలిల టీవీ ముందట కూసోని చూసిన. హీరో యాదికున్నడు. కథ, మాటలు రాసినాయన పేరు మాత్రం ఎవ్వరూ చెప్పలె. ఆయన ఆరుద్ర.

అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖపట్నంల పుట్టిండు. విజయనగరంల కాలేజీకి పోయిండు, ఆ చదువు నడిమిట్లనే ఆగింది. 1943ల ఎయిర్‌ఫోర్సు బ్యాండుల చేరి, 1947 దాకా చేసిండు. ఆ తర్వాత మద్రాసు, ‘ఆనందవాణి’ పత్రిక.

తెలంగాణల రజాకార్లు ఒక ఆడమనిషి మీద చేసిన అఘాయిత్యం ఆయనను కుదిపేసింది. దాని మీద ‘త్వమేవాహం’ కావ్యం రాసిండు. 1949ల అచ్చయింది. మన బాధకు సముద్రం ఒడ్డుపొంటి మనిషి గొంతయిండు.

సిన్మాలకు పాటలు, మాటలు రాసి బతికిండు. ఇటలీ డైరెక్టర్ సెర్జియో లియోనే తీసిన గుర్రాల సిన్మాల దారిని, తెల్లోళ్ల కాలం నాటి మన నిధి కథకు తెచ్చి కట్టిండు. నాగభూషణం ఏసిన నక్కజిత్తుల నాగన్న మాటలకు జనం పడి పడి నవ్విన్రు. దాస్ డైరెక్టు చేసిండు, రాజస్థాన్ ఎడారిల తీసిన్రు. ఇంగ్లీషుల ‘ట్రెజర్ హంట్’ అయి దేశాలు దాటింది.

అదే మనిషి ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు రాసిండు. ‘గురజాడ గురుపీఠం’కు 1987ల సాహిత్య అకాడమీ అవార్డు అచ్చింది. 1998 జూన్ 4న పోయిండు.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, నా తప్పు ఒకటుంది. మా వాడకట్టు పిలగాడు పెండ్లి వీడియోలకు పైసలు తీస్కొని పాటలు రాస్తుండె. ఒక మీటింగుల పదిమంది ముందట ఆ రాత కూడా రాతనేనా అని ఎక్కిరించిన. ఆనాటి సంది వాడు కలం పట్టలె.

మా రాజోలి మగ్గం మీద చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటిని కుప్పడం ఏసి కలుపుతరు. నూలును తక్కువ జేసి చూస్తే చీరే లేదు. కూటికి రాసేది, గుండెకు రాసేది ఒక్క చేతనే రాసిండు ఆరుద్ర. మగ్గాల నడుమ పెరిగి కూడ నాకిది సమజ్ కాలె.

తమ్మీ, తప్పు నాది. పైసలకు రాయి, సిగ్గువడకు. నీ ఊరి బాధ కూడ రాయి. రాసినంక ముందుగాల నాకే చూపియ్యి.