విచిత్రచిత్తుడు

క్రీస్తుశకము 600 ప్రాంతమున కాంచీపురమున సింహవిష్ణువు గతింపగా, ఆయన కుమారుడు మహేంద్రవర్మ పల్లవ సింహాసన మెక్కెను. ఆ కాలమున తమిళదేశపు దేవాలయములను ఇటుకతోను, కలపతోను కట్టెడివారు. దూలములు చెదలపాలగును, గోడలు వానలకు కూలును. కట్టించిన రాజు పేరు గుడితోడనే మాసిపోవును.

మహేంద్రుడు మండగపట్టు అను పల్లె దాపుననున్న శిలను తొలిపించి త్రిమూర్తులకు మూడు గర్భగృహములు చేయించెను. ఇటుక, కొయ్య, లోహము, సున్నము లేకుండ దీనిని నిర్మించితినని అచట సంస్కృతమున చెక్కించి, తన్ను విచిత్రచిత్తునిగా చెప్పుకొనెను. బిరుదులపై ఆయనకు మక్కువ మెండు. వానిలో తెలుగు మాటలును కలవు. దొంగ సన్న్యాసులను నవ్వులపాలు చేసిన మత్తవిలాస ప్రహసనమును వ్రాసినదియు ఈ రాజే.

కృష్ణాతీరపు గుహలను చూచియే ఆయనకు ఈ యూహ కలిగెనని కొందరు చరిత్రకారులు తలచిరి. కాని చూచుట వేరు, తొలుచుట వేరు. బాదామి కొండలు ఇసుకరాయి, ఉలికి లొంగును. కాంచీ మండలపు శిల కరకు గ్రానైటు. తరువాతి కాలమున మహాబలిపురమున సగములో విడిచిన గుహలను చూచినచో పనితీరు తెలియును. శిల ముఖమును గళ్లుగా విభజించి, నడుమ లోతైన గాడులు తొలిచి, మిగిలిన దిమ్మలను పగులగొట్టెడివారు. ఒక్క దెబ్బ తప్పి స్తంభము విరిగినచో మరల అతుకుటకు వీలులేదు. అందుచేతనే కాబోలు మహేంద్రుని స్తంభములు మోటుగా నుండును: అడుగునను పైనను చదరములు, నడుమ ఎనిమిది పలకలు. మండగపట్టున ద్వారపాలకులే ముఖ్యమైన శిల్పములు.

ఆయన పాలనమున చాళుక్య రాజు రెండవ పులకేశి దండెత్తివచ్చి, పల్లవులను కాంచీ ప్రాకారముల చాటునకు తరిమెను. పులకేశి ఆశ్రితుడైన రవికీర్తి 634లో ఐహోళె జైనాలయమున చెక్కించిన శాసనము ఆ పరాభవమును నేటికిని చాటుచున్నది. శత్రువును రాతినే నమ్ముకొనెను!

మహేంద్రుడు మొదట జైనుడనియు, అప్పరు ప్రబోధమున శైవుడయ్యెననియు శైవుల కథ. తిరుచిరాపల్లి కొండగుహలోని ఆయన శాసనమును మతము మారుటకు సూచనగా పలువురు పండితులు గ్రహించిరి. ఆ గుహలో గంగాధరమూర్తి కలడు. శివుడు జడపాయను చేత పట్టియుండగా గంగ చేతులు మోడ్చి దిగివచ్చుచున్నది. చుట్టును భక్తులు మోకరిల్లి యున్నారు. మండగపట్టున బొమ్మలు చెక్కుటకు జంకిన ఉలి ఇచట గోడనంతయు నింపినది.

630 ప్రాంతమున మహేంద్రుడు గతించెను. 642లో ఆయన కుమారుడు నరసింహవర్మ బాదామిని గెలిచి పగతీర్చుకొనెను. మామల్లుడను ఆ కుమారుని బిరుదు మీదుగనే మామల్లపురమునకు, అనగా నేటి మహాబలిపురమునకు, పేరు వచ్చినది.